రామకోటి పుస్తకాల అంచుల్లో మీ నాన్నగారు

ప్రశ్న:

"మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నాన్నగారు పోస్టుమాస్టరుగా చేసి 2004లో రిటైరయ్యారు. ఎనభై ఒకటో ఏట కాలం చేశారు. ఇంకో మూడు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజుకి ఆయన గురించి చిన్న పుస్తకం వేయించి, వచ్చినవాళ్లకి పంచాలని అన్నయ్య, నేను అనుకున్నాం. అన్నయ్య నాలుగు పేజీలు రాశాడు. 'సౌమ్యులు, దైవభక్తి పరాయణులు, అజాతశత్రువు, పరోపకారి' అని ఉంది. అందులో తప్పేమీ లేదు. కాని చదివితే నాన్న కనపడటం లేదు.

ఆయన రామభక్తులు. తెల్లవారుజామునే స్నానం చేసి, పూజ అయ్యాకే కాఫీ. ఎవరికి ఉత్తరం రాసినా పైన 'శ్రీరామ' అని పెట్టేవారు. ఊళ్లో చదువురాని వాళ్లందరికీ ఉత్తరాలు ఆయనే రాసిపెట్టేవారు. మా పేటలో ఒక క్రైస్తవురాలి కూతురు పనికోసం కువైట్ వెళ్లింది. ఆవిడ చెప్తుంటే నాన్న రాసేవారు. ఆవిడ 'ప్రభువు నామమున వందనములు' అని మొదలుపెట్టేది. నాన్న అలాగే, పైన అదే రాసేవారు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. రిటైరయ్యాక రామకోటి మొదలుపెట్టారు. డెబ్బై లక్షలు దాటిందని అన్నయ్య లెక్క. ఆఖరి పుస్తకం సగంలో ఆగింది. పుస్తకాల అంచుల్లో అక్కడక్కడ చిన్న అక్షరాలతో ఏవేవో రాసుకున్నారు. 'రాత్రంతా వాన', 'పాప పాసయింది', ఒకచోట 'కోపం వచ్చింది. ఈ పేజీ మళ్లీ రాశాను' అని.

నా సందేహాలివి. నాకు నాన్నంత భక్తి లేదు. పండక్కి దణ్ణం పెట్టుకోవడం తప్ప ఏమీ చేయను. అలాంటిదాన్ని ఆయన భక్తి గురించి నేను రాస్తే అబద్ధం అవుతుందా? ఆయనకి కోపం ఎక్కువ, మడి పట్టింపు ఎక్కువ. అవి రాయాలా వద్దా? ఇద్దరు ముగ్గురు పిల్లలకి ఏళ్ల తరబడి పరీక్ష ఫీజులు కట్టారని ఆయన పోయాకే మాకు తెలిసింది. వాళ్ల పేర్లు వేయొచ్చా? అమ్మ వద్దంటోంది. ఆ రామకోటి పుస్తకాల్ని ఏం చేయాలి?"

– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీ అన్నయ్య రాసిన నాలుగు పేజీల్ని పారేయకండి. అందులోంచి పుట్టిన తేదీ, ఉద్యోగం చేసిన ఊళ్లు, కుటుంబం వివరాలు తీసుకుని ఒక పేజీలో వేయండి. మిగతా పుస్తకం మాత్రం మీరే రాయాలి. నిజానికి మొదలుపెట్టేశారు కూడా. కువైట్‌లో ఉన్న కూతురికి తల్లి రాయించిన ఉత్తరం సంగతి నాకు నాలుగు వాక్యాల్లో చెప్పారు చూడండి, ఆ నాలుగు వాక్యాల్లో మీ నాన్నగారు పూర్తిగా కనపడ్డారు.

ఒక్కసారి ఆ దృశ్యం దగ్గరికే వెళ్దాం. తన కలం కాగితం మీద పెడితే ముందు 'శ్రీరామ' అని రాయకుండా ఉండలేని మనిషి ఆయన. అది చెయ్యి అలవాటు. ఎదురుగా కూర్చున్నావిడ తన దేవుడి పేరుతో మొదలుపెట్టమంది. ఆయన తన చేతి అలవాటును ఆపుకుని ఆవిడ చెప్పిన మాటే రాశారు. 'వందనాలు అంటే చాలదా' అనలేదు, పక్కన చిన్నగా తన రాముణ్ణి ఇరికించలేదు. అది ఆవిడ ఉత్తరం, ఆవిడ కూతురికి వెళ్లేది, అందులో ఆవిడ దేవుడే ఉండాలి. దేవుడి పేరు మీద ఒక మనిషికి ఎంత ప్రాణం ఉంటుందో ఆయనకి తెలుసు, ఎందుకంటే ఆయనకీ అంతే ప్రాణం. అంత భక్తి లేనివాడైతే ఆ మాటను అంత జాగ్రత్తగా రాసేవాడు కాదేమో అని నాకనిపిస్తుంది. మీ నాన్నగారి భక్తి వేరు, మంచితనం వేరు అని రెండు అధ్యాయాలు చేయకండి అనేది అందుకే. ఆయన విషయంలో ఆ రెండూ ఒకే చేత్తో జరిగాయి.

ఆవిడ ఉన్నారా? ఉంటే ఈ వారమే వెళ్లండి. లేకపోతే కూతురి కోసం వాకబు చేయండి. ఆ రోజుల్లో గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఇంటి ఉత్తరాల్ని పారేసేవాళ్లు కాదు. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయి, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకే బాగా తెలుసు. ఫోన్లు లేని కాలంలో ఆ కాగితాలే వాళ్లకి ఇల్లు. ఒక్క ఉత్తరం దొరికినా, వాళ్లు ఒప్పుకుంటే, మొదటి పేజీలో దాని ఫోటో వేయండి. పైన ఆ వందనాల వాక్యం, కింద మీ నాన్నగారి చేతిరాత. పూజగదిలో కూర్చున్న ఫోటో కంటే అదే ముందు వేయమంటాను.

ఇక మీ అన్నయ్య రాసిన మాటల గురించి. 'సౌమ్యులు, పరోపకారి' అనే మాటలు మన దగ్గర పోయినవాళ్లందరికీ వాడతాం. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ దగ్గర్నుంచి పేపర్లో ప్రకటన దాకా అవే. వాటిలో ప్రేమ లేదని అనను, మీ అన్నయ్య రాసినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకునే రాసి ఉంటాడు. కాని ఆయన్ని ఎరగని మీ మనవడు ఇరవై ఏళ్ల తర్వాత చదివితే వాడికి ఏమీ అందదు. రాసిన ప్రతి వాక్యంలోనూ మీ నాన్నగారి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చూడండి. వాక్యం అలాగే నిలబడితే అది మీ నాన్నగారిది కాదు, తీసేయండి. 'పరోపకారి' అన్నది ఎవరికైనా సరిపోతుంది. 'పింఛను రోజున ముసలివాళ్లు నిలబడలేరని లోపల బల్ల వేయించారు' అనేది ఒక్కరికే సరిపోతుంది. ఇది నేను మాటవరసకి చెప్పాను, మీరు నిజంగా జరిగినవి వెతకాలి.

భక్తి గురించి మీ సందేహమే ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. నమ్మకం లేని కూతురు నమ్మిన తండ్రి గురించి రాయొచ్చా?

రాయొచ్చు. కాకినాడ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి సంగతి మీరు వినే ఉంటారు. 1862లో మచిలీపట్నంలో పుట్టారు, 1939లో పోయారు. పిఠాపురం రాజావారి కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 'సర్' బిరుదు వచ్చింది. బ్రహ్మసమాజం మనిషి. విగ్రహారాధన లేదు, కులం లేదు, ఒక్కడే దేవుడు, ఆ దేవుడికి ప్రార్థన. 1889లో భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు, తెల్లబట్టలే కట్టారు. పిఠాపురం మహారాజావారి అండతో కాకినాడలో అనాథ పిల్లలకి శరణాలయం పెట్టించారు. అంటరానివాళ్లంటూ లోకం దూరం పెట్టిన పిల్లలకి హాస్టలు నడిపారు. పేద విద్యార్థుల చదువుకి సొంత జీతం ఖర్చుపెట్టారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు అందరూ బ్రహ్మసమాజంలో చేరలేదు. ఎక్కువమంది ఇంటికి వెళ్లి మామూలుగా తమ దేవుళ్లకే దణ్ణం పెట్టుకున్నారు. అయినా ఆయన్ని 'బ్రహ్మర్షి' అని పిలుచుకున్నారు. ఆయన నమ్మకం వాళ్లది కాకపోయినా, ఆ నమ్మకం ఆయన చేత ఏం చేయించిందో వాళ్లు కళ్లారా చూశారు. అది చెప్పే హక్కు వాళ్లకి ఉంది.

మీకూ ఉంది. మీరు రాయబోయేది మీ భక్తి గురించి కాదు. చూసింది చెప్పడానికి భక్తి అక్కర్లేదు, చూసి ఉంటే చాలు. మీరు ఆయన పక్కన కూర్చుని పెరిగారు. తెల్లవారుజామున బావి దగ్గర చేద చప్పుడు, తడిబట్టతో వచ్చి ముందు ఏ దీపం వెలిగించేవారు, ఏ శ్లోకం దగ్గర గొంతు మారేది, కాఫీ గ్లాసు పట్టుకుని ఎక్కడ కూర్చునేవారు, ఇలాంటివన్నీ మీకు తెలిసినంతగా గుళ్లో పూజారిగారికి కూడా తెలియవు. అవి రాయండి. ఆయన పలికే తీరులోనే రాయండి. ఆయన 'రాముడు' అనేవారో, 'స్వామి' అనేవారో, 'మా అయ్య' అనేవారో, ఆ మాటే వాడండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. మనకి అంత నమ్మకం లేనప్పుడు పెద్దవాళ్ల భక్తిని మనకి నచ్చే భాషలోకి మార్చాలని చూస్తాం. 'ఆయనకి రాముడంటే ఒక విలువ', 'అది ఆయనకి మనశ్శాంతి, ఒక రకం మెడిటేషన్' అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ఆయనకి రాముడంటే రాముడే. సీతమ్మ మొగుడు, భద్రాద్రి మీద కూర్చున్నవాడు, పొద్దున్నే నైవేద్యం పెట్టకపోతే ఆకలేస్తుందని ఆయన అనుకున్నవాడు. దాన్ని పలచన చేస్తే ఆయన జీవితంలో సగం తీసేసినట్టే. మీకు నమ్మకం లేని సంగతి కూడా పుస్తకంలో ఎక్కడా రాయక్కర్లేదు, అది ఆయన పుస్తకం.

అటువైపు జాగ్రత్త ఇంకొకటి ఉంది. చుట్టాలు మహిమలు చెప్తారు. 'ఆ రాత్రి దీపం ఆరలేదు', 'ఆఖరి క్షణంలో రామ రామ అంటూ పోయారు' అని. దగ్గరున్నవాళ్లు చెవులారా వింటే తప్పకుండా రాయండి, ఎవరు విన్నారో కూడా రాయండి. ఎవరూ వినకపోతే వదిలేయండి. ఆయన రోజూ రాసిన నామం అంత ఉండగా, అనని నామం ఒకటి కలపాల్సిన పనిలేదు.

ఇప్పుడు ఆ రామకోటి పుస్తకాల దగ్గరికి వద్దాం. మీరు చివర్న 'ఏం చేయాలి' అని అడిగి వదిలేశారు కాని, మీ ఇంట్లో ఉన్న అసలైన సంపద అదే.

లెక్క ఒకటి చూడండి. రోజుకి వెయ్యి నామాల చొప్పున రాస్తే కోటి పూర్తి కావడానికి పదివేల రోజులు పడుతుంది. అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది, అదీ ఒక్కరోజు కూడా మానకుండా రాస్తే. జ్వరం, ప్రయాణం, పెళ్లిళ్లు, మైల రోజులు అన్నీ లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అరవై ఏళ్లకి రిటైరై, ఇక విశ్రాంతి అనుకునే సమయంలో ఆ పని నెత్తికెత్తుకున్నారంటే, పూర్తవుతుందో లేదో ఆయనకి తెలియకుండా ఉంటుందా? పోస్టాఫీసులో జీవితమంతా లెక్కలు చూసిన మనిషి. తెలిసే మొదలుపెట్టారు. డెబ్బై లక్షలు అంటే ఇరవై ఏళ్ల పాటు రోజుకి ఇంచుమించు వెయ్యి. రోజూ కనీసం గంటసేపు ఆ గళ్ల కాగితం ముందు కూర్చున్నారు. ఇది మీ పుస్తకంలో ఉండాలి. 'రామకోటి రాశారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చదివేవాళ్లకి ఆ గంట తెలియదు.

ఇంకా పెద్ద విషయం ఆ అంచుల్లో రాతలు. డైరీ రాసే అలవాటు మన నాన్నల తరంలో తక్కువ. మీ నాన్నగారు తనకి తెలియకుండానే రాసుకున్నారు. పుస్తకాలన్నీ వరసగా పెట్టి, ఒక్కొక్క పేజీ తిప్పి, అంచుల్లో కనపడ్డ ప్రతి మాటా ఒక నోటుబుక్కులో ఎక్కించండి. పక్కన పుస్తకం నంబరు, ఉంటే తేదీ. తేదీ లేకపోయినా సందర్భాన్ని బట్టి పట్టుకోవచ్చు. 2015 పుష్కరాలప్పుడు ఏదో రాసే ఉంటారు. 'పాప పాసయింది' అన్నది మీ ఇంట్లో ఎవరి పరీక్షో అమ్మగారు చెప్పగలరు. ఎక్కడ చేతిరాత వణకడం మొదలైందో, ఎక్కడ అక్షరాలు పెద్దవయ్యాయో, అంటే చూపు తగ్గిందో, అవి కూడా రాసుకోండి. ముఖ్యమైన పేజీల్ని పగటివెలుతురులో ఫోనుతో ఫోటోలు తీయండి. ఈ పనికి అన్నయ్య పిల్లల్ని కూర్చోపెట్టుకోండి. తాతగారి గురించి వాళ్లకి అంతకంటే బాగా చెప్పే మార్గం నాకు తోచడం లేదు.

ఆ అంచుల మాటలన్నీ ఏళ్ల వరసలో పెట్టి, మీ వ్యాఖ్యానం ఏమీ లేకుండా, పుస్తకంలో నాలుగైదు పేజీలు ఇచ్చేయండి. ఎక్కడైనా అర్థం కానిది ఉంటే కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. అంతే చాలు.

కోపం సంగతి అడిగారు. దానికి సమాధానం ఆయనే రాసిపెట్టి వెళ్లారు కదమ్మా. 'కోపం వచ్చింది. ఈ పేజీ మళ్లీ రాశాను.' కోప్పడ్డ మనసుతో రాసిన నామం లెక్కలోకి రాదనుకుని పేజీ మొత్తం మళ్లీ రాసుకున్న మనిషి గురించి 'అజాతశత్రువు, కోపం ఎరగనివారు' అని అచ్చువేస్తే, ఆయన పడ్డ కష్టాన్ని మనం తుడిచేసినట్టు అవుతుంది. సౌమ్యంగా పుట్టినవాళ్లు సౌమ్యంగా ఉండటంలో గొప్పేముంది? ముక్కుమీద కోపం ఉన్నాయన, పోస్టాఫీసు కిటికీ దగ్గర చదువురానివాళ్లు అడిగిందే పదిసార్లు అడుగుతుంటే ఓపిగ్గా ఫారాలు నింపాడంటే అది చెప్పుకోవాల్సిన సంగతి.

భక్తుల కోపాన్ని దాచడం మన సంప్రదాయం కూడా కాదు. భద్రాచలం రామదాసుగారినే చూడండి. పాల్వంచ పరగణాకి తహసీల్దారు, గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడి, ఆ రాముడికే ఏ నగకి ఎన్ని వరహాలు పట్టిందో లెక్క చెప్పి నిలదీశాడు. నిలదీసి, అదే కీర్తన చివర్న, దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టాను, కష్టపెట్టుకోకు అని బతిమాలుకున్నాడు. మూడు వందల ఏళ్లకి పైగా తెలుగువాళ్లు ఆ తిట్లూ పాడుతున్నారు, ఆ బతిమాలడమూ పాడుతున్నారు. దానివల్ల రామదాసు భక్తి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

కాబట్టి కోపం రాయండి. ఒక్క సంఘటన చాలు. ఎవరి మీద, దేనికి, ఆ తర్వాత ఆయన ఏం చేశారు. మడి పట్టింపు కూడా అంతే. పిల్లలకి ఆకలేస్తున్నా పూజ అయ్యేదాకా ఆగాల్సి వచ్చిందా? రాయండి. దాని గురించి ఇప్పుడు మీకు ఏమనిపిస్తోందో కూడా ఒక వాక్యం రాయండి, తప్పులేదు. అయితే ఆయన పట్టింపు వల్ల ఎవరికైనా, ముఖ్యంగా మీ అమ్మగారికో, ఊళ్లో ఫలానా కులంవాళ్లకో, మనసు నొచ్చుకున్న సందర్భం ఉంటే అది వాళ్లని అడగకుండా రాయకండి. అది వాళ్ల బాధ కూడా, మీరొక్కరే నిర్ణయించేది కాదు.

జ్ఞాపకాలు పోగుచేయడం గురించి మీరు అడగలేదు కాని, మీకున్న మూడు నెలల్లో మొదటి నెల దీనికే పెట్టండి. ఆయనతో పనిచేసిన పోస్టుమ్యాను, మెయిల్ సంచులు మోసినవాళ్లు, పక్కింటివాళ్లు, గుడి పూజారిగారు, అందరూ ఆ వయసువాళ్లే. వాళ్ల దగ్గరికి వెళ్లి 'మా నాన్న ఎలాంటివారండీ' అని అడగకండి. 'దేవుడమ్మా' అంటారు, అక్కడితో ఆగిపోతుంది. 'పొద్దున్న ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన ఏం చేస్తూ ఉండేవారు?', 'మీరిద్దరూ ఎప్పుడైనా గొడవపడ్డారా?', 'ఆఖరిసారి ఏం మాట్లాడుకున్నారు?' అని అడగండి. మన వైపు పెద్దవాళ్లకి ఏళ్లు గుర్తుండవు, తుఫాన్లు గుర్తుంటాయి. 1986 గోదావరి వరదలు, 1996 నవంబరు తుఫాను. కోనసీమలో కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన ఆ తుఫాను తర్వాత వారం రోజులు మీ నాన్నగారు ఏం చేశారో ఒక్కొక్కర్నీ విడిగా అడగండి. బయటి ఊళ్లలో ఉన్న పిల్లలకి మేం బతికే ఉన్నామని కబురు పంపడానికి ఎంతమంది ఆయన కిటికీ దగ్గరికి వచ్చి ఉంటారో ఊహించండి. అప్పుడు మీ నాన్నగారు సర్వీసులోనే ఉన్నారు కదా.

అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. రాసేటప్పుడు వాళ్ల మాటని పుస్తక భాషలోకి దిద్దకండి. 'మీ నాన్నగోరు నా మనియార్డరు డబ్బులు మూడుసార్లు లెక్కెట్టి ఇచ్చీవోరండి' అని వాళ్లలో ఎవరైనా అంటే అలాగే వేయండి.

ఇది తొందరగా చేయమనడానికి కారణం ఉంది. ఎంత గొప్పవాళ్లైనా వాళ్లంతట వాళ్లు గుర్తుండిపోరు. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో పోయారు. ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా భిక్షగా బియ్యం తెచ్చుకుని బతికిన ఆ తెలుగు భక్తుడి జీవితం గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన శిష్యులు, వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆ వేంకటరమణగారి కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ లాంటివాళ్లు రాసిపెట్టుకోవడం వల్ల మిగిలింది. ఆయన సమాధి కూడా పాడుపడి ఉంటే, 1920ల్లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొంత డబ్బు పెట్టి ఆ స్థలం బాగుచేయించి గుడి కట్టించారు. త్యాగరాజంతటి వాడికే అంతమంది పూనుకోవాల్సి వచ్చింది. మీ పోస్టుమాస్టరుగారికి మీరే పూనుకోవాలి.

ఫీజులు కట్టిన పిల్లల పేర్ల విషయంలో అమ్మగారి మాటే నాదీ. వేయకండి. ఇంట్లో భార్యకి కూడా చెప్పకుండా చేసిన పని అది. చెప్పకపోవడం ఆ పిల్లల పరువు కోసం. ఆయన పోయాక మనం దాన్ని బయటపెడితే, ఇన్నేళ్లు ఆయన కాపాడింది మనం ఒక్కరోజులో పోగొట్టినట్టే. సంగతి రాయండి, పేరు, ఊరు, ఉద్యోగం, గుర్తుపట్టే వివరం ఏదీ వద్దు. అయితే ఒక పని చేయొచ్చు. పుస్తకం వేస్తున్నామని వాళ్లకి కబురు చేయండి. 'మీరేమైనా రాస్తారా' అని మాత్రం అడగండి. తమ పేరుతో తామే రాసి పంపితే సంతోషంగా వేయండి. రాయకపోతే మళ్లీ అడగొద్దు.

పుస్తకాల సమర్పణ గురించి. రామకోటి పూర్తిచేసినవాళ్లు భద్రాచలం తీసుకెళ్లి, తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి స్వామికి ఇచ్చి రావడం మీకు తెలిసిందే. మీ నాన్నగారి కోరికా అదే అయ్యుంటుంది. అమ్మగారిని అడగండి, ఎప్పుడో ఒకసారి అనే ఉంటారు. నిండిన పుస్తకాలన్నీ అక్కడికే చేర్చండి, వెళ్లేముందు దేవస్థానం ఆఫీసులో పద్ధతి కనుక్కోండి. కాని అంచుల్లో మాటలన్నీ ఎక్కించుకుని, ఫోటోలు తీసుకునేదాకా ఒక్క పుస్తకం కూడా ఇల్లు దాటనివ్వకండి. ఒకసారి ఇచ్చేశాక మళ్లీ చూడ్డం కుదరదు. 'కోపం వచ్చింది' అని ఉన్న పుస్తకం ఒక్కటి ఇంట్లో ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, రాముడు ఏమీ అనుకోడు.

మిగిలిన ముప్పై లక్షలు ఏం చేయాలో నేను చెప్పలేను, అది మీ ఇంటి నిర్ణయం. పెద్దవాళ్లు వదిలివెళ్లిన కోటిని పిల్లలు, కోడళ్లు, మనవలు పంచుకుని రాసి పూర్తిచేసే ఇళ్లున్నాయి. అమ్మగారు రాస్తానంటే రాయనివ్వండి, ఆవిడకి పొద్దున్నే ఆ గంట గడవడం ఇప్పుడు కష్టంగా ఉండి ఉంటుంది. ఎవరూ రాయకపోయినా ఆయన రాసింది తక్కువేమీ కాదు. మీరు మాత్రం నాన్నగారి మీద ప్రేమతో, నమ్మకం లేకుండా, బలవంతంగా కూర్చుని రాయాలనుకోకండి. మీ వంతు ఈ పుస్తకం.

సగంలో ఆగిన ఆఖరి పుస్తకంలో చివరి పేజీ ఉంది కదా, సగం గళ్లు నిండి సగం ఖాళీగా. అది ఉన్నదున్నట్టు ఫోటో తీసి పుస్తకంలో ఎక్కడైనా వేయండి. కింద తేదీ తప్ప ఏమీ రాయొద్దు.

చివరగా అచ్చు పని. అరవై పేజీలు దాటనివ్వకండి, అంతకు మించితే మన చుట్టాలు చదవరు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేవాళ్లలో సగంమందికి కళ్లజోళ్లుంటాయి. పోయిన తేదీతో పాటు తిథి కూడా వేయండి, ఇకముందు తద్దినాలన్నీ తిథి ప్రకారమే కదా. పాత ఫోటోల వెనక ఎవరు ఎవరో ఇప్పుడే పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి, బాల్ పెన్ను వద్దు, గుర్తులు ఇటువైపు పడతాయి. సంవత్సరీకానికి నెల ముందే ప్రెస్సుకి ఇవ్వండి. ప్రూఫులు వచ్చాక తప్పులు దిద్దేది అన్నయ్య అయినా, మీరు అమ్మగారి పక్కన కూర్చుని మొదట్నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించండి. ఆవిడ ఎక్కడ వద్దంటే అక్కడ తీసేయండి, ఎందుకని అడగకండి. మధ్యలో ఆవిడే ఆపి 'అలా కాదే, అప్పుడు మీ నాన్న ఏమన్నారంటే...' అని మొదలుపెడితే, కాగితాలు పక్కన పెట్టి అది రాసుకోండి. ప్రెస్సువాళ్లని ఇంకో నాలుగు రోజులు ఆగమనండి.